బాపు పాస్ చేసిన టైర్లు

ఒక కారుకు ఏ సైజు చక్రాలు వెయ్యాలో చెప్పడానికి గోదావరిఖనిలో కారు ఉండాల్సిన అవసరం లేదు. నోరుంటే చాలు. మా అంబాసిడర్ టైర్లు అరిగిపోయి లోపలి దారాలు కనబడటం మొదలైన వారంలో నాకు పద్నాలుగు సైజులు సలహాగా వచ్చాయి. అందులో రెండు ట్రాక్టరువి. ఇంకొకటి చెప్పినాయన జీవితంలో సైకిల్ తప్ప ఏదీ నడపలేదు, అయినా ఆయన గొంతులో అనుమానమన్నది లేదు.

ఇదంతా నవ్వుకుంటూ రాస్తున్నానని అనుకోవద్దు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీద అని అడిగితే వరుసగా చెప్తాను. ముందు మా బావ మీద, తర్వాత టైర్ల షాపు సేటు మీద, ఆ తర్వాత ఫోన్లో వీడియోలు పెట్టి చక్రాల మీద ప్రవచనాలు చెప్పే జనం మీద, ఆ తర్వాత మా బాపు మీద. నన్ను నేను చివర్లో పెట్టుకున్నాను. రాసేది నేనే కాబట్టి ఆ మాత్రం సౌకర్యం ఉంది.

కారు సంగతి ముందు చెప్పాలి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగమంతా చేసిన ఒక ఇంజినీరు గారు రిటైరై వెళ్లిపోతూ అమ్మిన తెల్ల అంబాసిడర్ అది. నాకంటే వయసులో పెద్దది. మాకు పాత కార్లంటే మోజని కాలనీలో అనుకుంటారు. మోజూ లేదు, గీజూ లేదు. బాపు నడుము కోసం కొన్నాం.

బాపు భూగర్భ గనిలో, ఇక్కడి మాటలో బాయిలో, టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలూ ఇనుప స్తంభాలూ నిలబెట్టే పని. రిటైర్‌మెంట్ నాలుగేళ్లుందనగా పక్క గోడ నుంచి ఒక బొగ్గు పెళ్ల ఊడి నడుము మీద పడింది. దవాఖానలో పడుకున్నాడు, లేచాడు, మిగిలిన నాలుగేళ్లూ డ్యూటీ చేసి దిగాడు. కానీ నడుము మాత్రం రాజీనామా ఇచ్చేసింది. ఆటో ఎక్కితే పావుగంటలో ముఖం పాలిపోతుంది. బైకు వెనక కూర్చోలేడు. బస్సు మెట్టు చూస్తే చాలు వెనక్కి తిరుగుతాడు. ఒకసారి ఆ ఇంజినీరు గారు దవాఖాన నుంచి వస్తూ ఆయన్ని తన కారులో ఇంటి ముందు దింపాడు. బాపు దిగి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి, ఈ బండిలో కూర్చుంటే తనకు నడుమనేది ఒకటుందన్న సంగతే గుర్తుకు రాలేదన్నాడు. ఆ ఒక్క మాట మీద కొన్నాం.

ఆ కారులో బాపు రోజూ ఒక్కచోటికే పోతాడు. ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఆయన పనిచేసిన గని గేటు, దానికి ఎదురుగా ఒక చాయ్ హోటల్. మొదటి షిఫ్టు వాళ్లు లోపలికి పోయే వేళకు రిటైరైన వాళ్లంతా అక్కడ చేరతారు. ఎవరికి షుగర్ పెరిగింది, ఎవరి కొడుకు ఎవరిని చేసుకున్నాడు, ఇప్పటి పిల్లలకు గనిలో కర్ర పట్టడం ఎందుకు రాదు, ఇవీ అక్కడి విషయాలు. పొద్దున ఏడింటికి నేనే తీసుకుపోయి, ఒక గంట కూర్చోబెట్టి, మళ్లీ ఇంటి దగ్గర దింపి, కమాన్‌పూర్ వైపు నా డ్యూటీకి పోతాను. అక్కడ ఓపెన్‌కాస్ట్‌ గనిలో, బొగ్గు మీది మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్ ఆపరేటర్ని. బాపు రోజులో మిగతా ఇరవై మూడు గంటలు ఆ ఒక్క గంట కోసం కాచుకుని ఉంటాడు. ఆ గంట ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తుంది. ఇది తెలిసి కూడా నేను చేసిన పని తర్వాత చెప్తాను.

దాని పాత టైరు పక్కన 5.90-15 అని రాసి ఉంటుంది. ముందుది టైరు వెడల్పు, అంగుళాల్లో. తర్వాతది రిమ్ము, పదిహేను అంగుళాలు. చూడటానికి సన్నగా, ఎత్తుగా, ఎండాకాలం సెలవుల్లో పొడవు పెరిగిన పదో తరగతి పిల్లాడిలా ఉంటుంది. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఐదున్నర అంగుళాల మెత్తని రబ్బరు గోడ. గుంతలో పడితే ఆ గోడ నలిగి లేస్తుంది. మనిషికి చేరేసరికి దెబ్బలో సగం ఉండదు. ఈ ముక్క ఇప్పుడు ఇంత చక్కగా చెప్తున్నాను గానీ, అప్పుడు నా కళ్లకు ఆ టైరు పాతకాలం చెప్పులా కనిపించింది.

మా బావ ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. ఆయన నడిపే బండి టైరు పక్కన నిలబడితే ఆయన తల టైరు సగం దాటి కొంచెం పైకి వస్తుంది. షిఫ్టుకు ఎనిమిది గంటలు అలాంటి టైర్ల మీద కూర్చునే మనిషికి భూమ్మీద మిగతా టైర్లన్నీ గారెల్లా కనిపిస్తాయి. మా పాత టైరును బొటనవేలితో నొక్కి, ముసలవ్వ బుగ్గలా ఉందని నవ్వాడు.

"టైరన్నంక బండ మీదికెక్కితె బండకు దెబ్బ తాకాలె, బామ్మర్దీ," అన్నాడు. "గిది రాయి మీదికెక్కితె రాయికి చక్కిలిగింత."

పైగా ఆయన మా అక్క మొగుడు, ఇంటి అల్లుడు. అల్లుడు చెప్పింది తప్పని మా ఇంట్లో అనరు. కూరలో ఉప్పు తక్కువైందని ఆయనంటే అమ్మ ఆయన్నేమీ అనదు, ఉప్పు డబ్బాను మందలిస్తుంది. కాబట్టి బావ కరీంనగర్ పోయి ఎవరో పెద్ద కారుకు తీసేసిన పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు నాలుగు తెచ్చినప్పుడు, ఇవి మనకెందుకని ఎవరూ అడగలేదు. ఐదు బోల్టులూ సరిగ్గా కూర్చున్నాయి. అంతే, అదేదో పెళ్లికి జాతకాలు కలిసినట్టు సంబరపడ్డాం.

తలకాయ ఉన్నవాడు ముందు ఎవరు కూర్చుంటారు, ఏ రోడ్డు మీద తిరుగుతారు అని చూసి, దాన్నిబట్టి టైరు ఎంచి, దానికి తగ్గ రిమ్ము వెతుకుతాడు. మేం రిమ్ము తెచ్చి దానికి టైరు వెతికాం. నేను నాలుగు సాయంత్రాలు ఫోన్లో లెక్కలు కట్టాను. రిమ్ము రెండంగుళాలు పెరిగితే రబ్బరు అంత తగ్గాలి, చక్రం మొత్తం ఎత్తు మాత్రం పాతదాని దగ్గరికి రావాలి. లేకపోతే స్పీడు ముల్లు అబద్ధాలు చెప్తుంది. చివరికి 215/50 అనే టైరు దగ్గర ఆగాను. మొత్తం ఎత్తులో పాతదానికీ కొత్తదానికీ తేడా అర అంగుళమే. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ కాగితం బావకు ఫోటో తీసి పంపాను. రబ్బరు గోడ ఐదున్నర నుంచి నాలుగుంపావుకు పడిపోయింది. అంగుళం పావేగా అనుకున్నాను. స్పీడు ముల్లు అబద్ధం చెప్పకూడదని అంత ఫికర్ పడ్డవాడిని, నడుము ఏం చెప్తుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

టైర్ల షాపు మెయిన్ రోడ్డు మీదే. సేటు పొద్దంతా బొగ్గు లారీలతోనే ఉంటాడు. ఎవరు షాపు మెట్టెక్కినా ఆయన అడిగే మొదటి మాట లోడ్ ఎంత అని. పెళ్లికూతురు ఊరేగే కారు తెచ్చినా అదే అడుగుతాడు. మాకు కూడా ఎక్కువ బరువు మోసే గట్టి గోడల టైరే చూపించాడు. నేను కొంచెం మెత్తనిది ఉందా అని నసిగితే, మెత్తనిది కావాలంటే పరుపుల దుకాణం ఎదురుగానే ఉందన్నాడు. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కూడా నవ్వాను. గాలి నలభై ఐదు కొట్టాడు. పాత టైర్లలో మేం ఇరవై ఆరు మించి ఎన్నడూ కొట్టలేదని నాకు తెలుసు. చెప్పబోయి, పరుపుల జోకు ఇంకోటి వస్తుందని ఊరుకున్నాను. ఇంత పిరికిగా ఉండి కూడా ఊళ్లో నాకు నోటి దురుసని పేరుంది.

కారు ఇంటికి తెచ్చేసరికి కాలనీ సగం బయటికి వచ్చింది. నిజం చెప్పాలంటే బాగుంది. పంచె కట్టుకున్న తాతకు తెల్ల స్పోర్ట్స్ బూట్లు తొడిగినట్టుంది. బాపు అరుగు మీంచి లేచి వచ్చాడు.

బాపు చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది, కొనకు ఇనుప పొన్ను వేసింది. అది నడవడానికని డాక్టరు అనుకుంటాడు. గనిలో పైకప్పును అలాంటి కర్రతో తట్టి చూస్తారు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల పగులుందని, అందరూ వెనక్కి రావాలి. బాపు ఉద్యోగమంతా ఆ చప్పుడే విన్నాడు. ఆయన గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. పైకప్పును పాస్ చేసినవాడు ముందు తానే పోయి దాని కింద కూర్చుని, సీసా తీసి రెండు గుక్కలు నీళ్లు తాగాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు అడుగు పెడతారు. నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే మాకెందుకుండాలి అని దాని అర్థం.

బాపు నాలుగు టైర్లనూ ఒక్కొక్కటిగా తట్టాడు. తట్టి, అరచెయ్యి ఆనించి, తల వంచి విన్నాడు. నలభై ఐదు గాలి ఉన్న గట్టి టైరు ఎలా మోగుతుంది మరి? ఖంగుమంది. బాపు ముఖం వెలిగిపోయింది.

"ఖంగుమంటుంది," అన్నాడు. "పాస్."

ముందు సీటులో తన వైపు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. నీళ్ల సీసా అడిగి రెండు గుక్కలు తాగాడు. అందరం చప్పట్లు కొట్టాం. బావ ఫోటో తీశాడు. అందులో నేను కూడా పళ్లన్నీ బయటపెట్టి ఉన్నాను. ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ నవ్వుతున్నవాడికి ఒకటి తగిలించాలనిపిస్తుంది.

పాత ఇనుప రిమ్ములు బావ పట్టుకుపోయాడు. డిక్కీలో స్టెప్నీ ఒక్కటే పాతది మిగిలింది.

మర్నాటి నుంచి కొత్త చక్రాల మీద గని గేటుకు. స్టీరింగ్ ఒక్కసారిగా బరువైపోయింది. హోటల్ ముందు కారు తిప్పాలంటే మొండికేసిన దున్నపోతు కొమ్ములు పట్టుకున్నట్టుండేది. వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని గుంతలో పడ్డప్పుడల్లా గొంతు సవరించుకునేది. దారిలో బొగ్గు లారీలు తిరిగి తిరిగి చెక్కేసిన రెండు కిలోమీటర్ల ముక్క ఒకటుంది. అక్కడ నేను స్టీరింగ్‌తో కుస్తీ పడుతూ ఉండేవాణ్ని. పక్కన బాపు తలుపు పిడి పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చునేవాడు. మాట్లాడటం తగ్గించాడు. కొత్త చక్రాల రాజసం అనుభవిస్తున్నాడనుకున్నాను.

పదకొండు రోజులు అలా వచ్చాడు. పన్నెండో రోజు పొద్దున తయారు కాలేదు.

ఏమైందంటే, అక్కడ చాయ్ ఈ మధ్య మంచిగా ఉంటలేదన్నాడు. సరే, ఒక్కరోజు కదా అనుకున్నాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఇంట్లోనే అమ్మ చాయ్ పెట్టి ఇస్తే తాగాడు. తాగి, అరుగు మీద కూర్చుని, ఏడింటికి రోడ్డు వైపు చూశాడు. ఏడున్నరకు కూడా చూశాడు. నేను ఊరుకుంటానా. మంత్రిగారు చాయ్ మీద అలిగి రాజీనామా చేశారని అమ్మతో అన్నాను. కొత్త చక్రాలు నలుగురికీ చూపించడం అయిపోయింది కాబట్టి మోజు తీరిందన్నాను. రోజుకో జోకు వేశాను. బాపు ప్రతిదానికీ నవ్వాడు. ఆ నవ్వులు ఇప్పుడు గుర్తొస్తే నాకు నా నోరంటేనే అసహ్యం వేస్తుంది.

రెండో వారంలో నేనొక్కణ్నే హోటల్‌కు పోయి చాయ్ తాగాను. దరిద్రంగా ఉంది. బాపుతో పాటే రిటైరైన ఒక కాక పక్కన కూర్చుని, మీ బాపుకు పానం మంచిగ లేదా అని అడిగాడు. పానం బాగానే ఉంది, చాయే నచ్చలేదట అన్నాను. కాక గ్లాసులోకి చూశాడు.

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే ఉన్నది గద బిడ్డా," అన్నాడు. "మంచిగుంటదని తాగుతమా దీన్ని?"

ఇంటికి వచ్చి అడిగితే బాపు మాట మార్చాడు. అప్పటికీ నాకు వెలగలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఏ డంపర్ ఎన్ని ట్రిప్పులు కొట్టిందో రోజూ ఎక్కించే మనిషిని. నా ఇంట్లో ఒక మనిషి ట్రిప్పు ఎందుకు ఆగిందో కనిపెట్టలేకపోయాను.

ఆ ఆదివారం బావ, నేనూ శ్రీరాంపూర్ పోవాల్సి వచ్చింది, ఆయన తోటి ఆపరేటర్ కొత్త ఇంట్లో భోజనాలకు. బావ తానే నడుపుతానన్నాడు. కొత్త చక్రాలతో ఆయన వాళ్ల ముందు దిగాలి మరి. నేను పక్క సీటులో కూర్చున్నాను. ఆ చక్రాలు వేశాక నేను బాపు సీటులో కూర్చోవడం అదే మొదటిసారి.

కాలనీ దాటకముందే మొదటి గుంత తగిలింది. నడిపేవాడికి చేతుల్లో స్టీరింగ్ ఉంటుంది, కాళ్ల కింద పెడళ్లుంటాయి, గుంత వస్తోందని ముందే తెలుస్తుంది, ఒళ్లు బిగబట్టుకుంటాడు. పక్కవాడికి ఏమీ ఉండదు. దెబ్బ నేరుగా వెన్నులోంచి వచ్చి మెడలో దిగింది. గోదావరి బ్రిడ్జి మీద అతుకు అతుకుకూ ఒకటి. అవతలి ఒడ్డు చేరేసరికి, ఇరవై ఆరేళ్ల వాణ్ని, ఏ పెళ్లా మీద పడనివాణ్ని, నేను సీటు మీంచి లేచి చేతుల మీద ఆనుకుని కూర్చున్నాను. బావ మాత్రం, చూసినవా రోడ్డును ఎట్ల పట్టుకుంటుందో అంటున్నాడు.

తుడుచుకోవడానికి గుడ్డ ఉందేమోనని ముందున్న అర తెరిచాను. అందులో బాపు బెల్టు ఉంది. గనిలో లైటు బ్యాటరీ కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు. రిటైరైన రోజు కడిగి, నూనె రాసి, ఇంట్లో మేకుకు తగిలించుకున్నది. దానికి ఎప్పుడూ వాడే రంధ్రం కాకుండా, ఇంకో రెండు రంధ్రాలు లోపలికి కొత్తగా పొడిచి ఉన్నాయి. అంత బిగించి నడుముకు కట్టుకుని, మీద చొక్కా వేసుకుని, ఆ పదకొండు రోజులూ నా పక్కన కూర్చుని, చివరి రోజు నా కంట పడకుండా విప్పి ఇక్కడ దాచాడన్నమాట.

బావను బండి ఆపమన్నాను. ఎందుకన్నాడు. బెల్టు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మామకు ఎక్స్‌ట్రా సపోర్టు మంచిదే కదా అన్నాడు. ఆ క్షణంలో ఆయన మా ఇంటి అల్లుడు కావడం వల్ల బతికిపోయాడు. భోజనాలకు పోలేదు. బావకు ఆకలి ఎక్కువ, అందువల్ల దారంతా ఆయన ముఖం నాకు కొంత తృప్తినిచ్చింది.

ఇంటికి రాగానే బెల్టు బాపు ముందు పెట్టాను. గొంతు పెంచకూడదనుకున్నాను గానీ పెరిగింది. ఎందుకు చెప్పలేదు, నీకు నోరు లేదా, రెండు వారాలు నేను జోకులేస్తుంటే నవ్వుతూ కూర్చున్నావు, నేను మనిషినా గొడ్డునా అని అడిగాను. బాపు బెల్టు తీసుకుని కొత్త రంధ్రాల మీద వేలు పెట్టి రుద్దాడు, అలా రుద్దితే పూడుకుపోతాయన్నట్టు.

"నేనే పాస్ చేసిన గదరా," అన్నాడు.

"టైరు బాపూ అది. రూఫ్ కాదు."

"ఏదైతేంది. అందరి ముంగట పాస్ అన్న. ముందుగాల కూసున్న, నీళ్లు తాగిన. రేపొద్దుగాల వచ్చి, కాదు, పగులున్నదంటె ఎట్ల? గట్లన్నోని రూఫ్ కిందికి మళ్ల ఎవడన్న వస్తడా?"

నాకు ఏడుపు రాలేదు. అలాంటిదేదైనా వస్తే రాసేవాణ్ని. వచ్చింది మంట. బాపు ఉద్యోగమంతా పైకప్పుల కింద నిలబెట్టుకున్న మాట విలువను తీసుకొచ్చి, కరీంనగర్‌లో ఎవడో విప్పి పారేసిన చక్రాల మీద పెట్టాడు. దాన్ని కాపాడుకోవడానికి తన గంటను వదిలేసుకున్నాడు. చాయ్ మీద నింద వేశాడు. ఇంతకన్నా తలతిక్క పని మా వంశంలో ఎవరైనా చేశారంటే, అది ఆ చక్రాలు బిగించడమే.

మర్నాడు సెలవు పెట్టి సేటు దగ్గరికి పోయాను. ఆయన తలెత్తకుండానే లోడ్ ఎంత అన్నాడు.

"ఒక్కడు," అన్నాను. "మా బాపు. విరిగిన సరుకు. బొగ్గుకు నడుముండది సేటూ, అందుకే నీ టైర్ల మీద ఎన్నడు మొత్తుకోలే."

సేటు తలెత్తాడు. ఆయనకు నా మీద కోపం రావాలి, న్యాయంగా. కానీ తన నడుము కూడా ఏడాదిగా పట్టేసి ఉంటోందని, స్కూటర్ మీద ఇంటికి పోవడమే గగనమైపోయిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఈ మనిషి తన మీది కోపాన్ని కూడా నన్ను ప్రశాంతంగా అనుభవించనివ్వలేదు. ఆయనే పాత పుస్తకం తీసి చూశాడు. పదిహేను రిమ్ముకు 165/80. రేడియల్, మెత్తని గోడ, ఐదు అంగుళాలకు పైగా రబ్బరు. వెడల్పు దాదాపు పాతదానంతే, కాబట్టి స్టీరింగ్ తేలిక. ఎవరూ అడగరు గనక దగ్గర లేవు, మంచిర్యాల నుంచి తెప్పించాలి. గాలి ఇరవై ఆరు. ఆ అంకె చెప్తున్నప్పుడు మాత్రం ఆయన ముఖం అవమానపడ్డట్టే ఉంది.

ఇక రిమ్ములు కావాలి. బావను అడిగితే గోడ వైపు చూశాడు. ఆయన తీసుకుపోయిన నాలుగింటి జాడ ఇది. ఒకటి మా అక్క బిందెకు కుదురైంది. ఒకటి మూడు రాళ్ల మీద పెట్టి స్నానం నీళ్లకు పొయ్యి చేసుకున్నారు. మిగతా రెండింటిలో సిమెంటు పోసి, గొట్టాలు పాతి, క్వార్టర్ల వెనక బ్యాడ్మింటన్ నెట్టు కట్టారు.

కుదురును అక్క బిందె దించి ఇచ్చింది. దానితో పాటు మొగుడికి నాలుగు మాటలు కూడా ఇచ్చింది. మా ఇంట్లో ఎవరూ అనలేనివన్నీ ఆమె అనేసింది. పొయ్యి అయినదాన్ని కూడా బిగించొచ్చని బావ మా ఇంటికి వచ్చి అన్నాడు, ఇనుమే కదా, మసి తుడిస్తే సరిపోతుందట. నెల రోజులు మంటల్లో కాగి వంకరపోయిన ఇనుము మీద బాపును కూర్చోబెట్టమంటున్నావా అని అడిగాను. ఈసారి గొంతు పెంచాను. అల్లుడి మీద మా ఇంట్లో గొంతు పెరగడం అదే మొదలు. అమ్మ వంటింట్లోంచి వినీ విననట్టు ఊరుకుంది. అది పొయ్యిగానే ఉండిపోయింది.

కుదురు ఒకటి, డిక్కీలో స్టెప్నీ ఒకటి, సిమెంటులో రెండు. బావ సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నాడు. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. సాయం చేస్తావా అని అడిగాడు. లేదన్నాను. రిమ్ముకు దెబ్బ తగలకుండా ముక్క ముక్కా ఊడదీయడానికి ఆయనకు ఒక పూర్తి సెలవు రోజు పట్టింది. మధ్యలో నెట్టు ఏదని ఆడుకోవడానికి వచ్చిన వాళ్లకు ఆయనే సమాధానం చెప్పుకున్నాడు. నేను చాలా కాలానికి ఒక ఆటను అంత శ్రద్ధగా చూశాను. ఊడిన రెండింటినీ సేటు తిప్పి చూసి, వంకర లేవని, నిక్షేపంగా ఉన్నాయని చెప్పాడు.

నాలుగు రోజులకు టైర్లు వచ్చాయి. బిగించి, ఇరవై ఆరు కొట్టించి ఇంటికి తెచ్చాం. ఈసారి కాలనీలో ఎవరూ బయటికి రాలేదు. సన్నటి టైర్లు, తుప్పు గీకిన ఇనుప రిమ్ములు, చూడటానికి ఏముంది? బాపు అరుగు దిగి వచ్చి కర్రతో ముందు టైరు తట్టాడు. మెత్తగా, డొల్లగా మోగింది. ఇంకోసారి తట్టాడు. నా వైపు చూశాడు.

"ఈ సప్పుడు బాయిల ఇనపడితె అందర్ని బయటికి ఉరికిచ్చేటోన్ని," అన్నాడు.

"పాస్ చెయ్యవా మరి?"

"నేను చెయ్య. చెవు ఒకటి చెప్పవట్టె, నడుము ఒకటి చెప్పవట్టె. నువ్వు చెయ్యి."

అని లోపలికి పోయి నీళ్ల సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. బావను స్టీరింగ్ దగ్గర కూర్చోమన్నాడు. నన్ను తన సీటులోకి ఎక్కమన్నాడు. ఇంటి ముందు కూర్చుని తాగితే సరిపోదని, బొగ్గు లారీల ముక్క మీద రెండు కిలోమీటర్లు పోయి రమ్మన్నాడు. నడిరోడ్డు మీద ఈ వయసులో నాకు ఇదేం పరీక్ష అనుకుంటూ పోయాను. ఒక్కొక్క గుంత వస్తోంది. పడుతోంది. కింద ఏదో నలుగుతోంది, లేస్తోంది. నా దాకా వచ్చేది ఎవరో భుజం మీద చెయ్యి వేసినంతే. ఆ ముక్క చివర బావ కారు వెనక్కి తిప్పాడు. తిరుగు దారిలో, ఆ గుంతల మీదే, నేను మూత తీసి రెండు గుక్కలు తాగాను. మీద పోసుకోకుండా తాగగలిగానంటే అది రోడ్డు గొప్ప కాదు.

తిరిగొచ్చి, పాస్ అన్నాను. బాపు నా ముఖం చూశాడు, చొక్కా చూశాడు, తడి లేదని నమ్మాక ఎక్కాడు. నడుముకు బెల్టు లేదు, ఎక్కించేటప్పుడు చెయ్యి ఆనించి చూశాను. ఇప్పుడు స్టెప్నీ లేకుండా తిరుగుతున్నాం. అల్లాయ్ చక్రాలు ఇంటి వెనక గోడకు ఆనించి ఉన్నాయి. బావ వాటిని ఇంకెవరి కారుకో చూస్తున్నాడట. ఎవరి కారో తెలిస్తే నేనే పోయి వాళ్ల ఇంట్లో ఎవరి నడుము ఎలా ఉందో కనుక్కుంటాను.

మర్నాడు ఏడింటికి గని గేటు ముందు దిగితే, కాక బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇన్ని రోజులు ఏమైపోయినవని అడిగాడు. బాపు కర్ర గోడకు ఆనించి నిదానంగా కూర్చున్నాడు.

"చాయ్ మంచిగైందన్నరు," అన్నాడు. "అందుకే వచ్చిన."

గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించాడు. అది పూర్తిచేసి ఇంకొకటి చెప్పాడు.